మంట అంటకుండా

2014 నవంబర్‌లో జపాన్‌లోని నాగోయా నగరంలో ఫిలిప్ మోరిస్ కంపెనీ ఐకాస్ అనే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. పొట్టి సిగరెట్టులాంటి స్టిక్కును అందులో గుచ్చి, బటన్ నొక్కి, కాసేపు ఆగి దమ్ము లాగాలి. అగ్గిపుల్ల అక్కర్లేదు, బూడిద రాలదు. స్టిక్కు లోపలి పొగాకులోకి దిగబడిన సన్నటి సిరామిక్ బ్లేడు 350 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. 6 నిమిషాలో, 14 దమ్ములో, ఏది ముందైతే అప్పటిదాకా ఆ వేడి అలాగే నిలబడుతుంది. ఈ వారం కబురు ఆ బ్లేడుదే.

కరెంటుతో వేడి పుట్టించడంలో గొప్పేమీ లేదు. చిక్కంతా ఎక్కడ ఆపాలన్న దగ్గరే. దమ్ము లాగినప్పుడు మామూలు సిగరెట్టు కొస దాదాపు 900 డిగ్రీలకు చేరుతుంది. కార్బన్ మోనాక్సైడూ తారూ ఎక్కువగా పుట్టేది ఆ నిప్పు దగ్గరే. 400 డిగ్రీల చుట్టుపక్కల పొగాకు రాజుకోవడం మొదలుపెడుతుంది. అటు చూస్తే నికోటిన్ మరిగేది 247 డిగ్రీల దగ్గర. పొగాకు పొడిని పలచటి పలకలుగా ఒత్తేటప్పుడు ఆవిరి కోసం కలిపే గ్లిజరిన్ మరిగేది 290 దగ్గర. గ్లిజరిన్ కదలాలి, ఆకు మాత్రం అంటుకోకూడదు. ఈ ఇరుకు సందులో, అదీ వేలెడంత బ్యాటరీని నమ్ముకుని నడవాలి.

ఆకుకు వేడి కొత్త కాదు. ప్రకాశం జిల్లాలోనో జంగారెడ్డిగూడెం వైపో వర్జీనియా పొగాకు బ్యారన్ కాల్చే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకు పసుపు తిరిగే దశలో 35, 38 డిగ్రీల దగ్గర నిలపాలి. తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ, ఈనె ఎండే చివరి దశకు 70 దాకా తేవాలి. తొందరపడితే ఆకు పచ్చిరంగు మీదే ఎండిపోతుంది, జాగు చేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది. రెండింట్లో ఏది జరిగినా వేలంలో ధర పడిపోతుంది. అయితే బ్యారన్ దగ్గర రోజుల వ్యవధి ఉంది, చూసుకోవడానికి థర్మామీటర్ ఉంది. బ్లేడుకు ఉన్నవి సెకన్లు. థర్మామీటర్‌కు అక్కడ చోటే లేదు.

కరెంటుతో వేడెక్కే ఎలిమెంట్ అనగానే ఎవరికైనా నైక్రోమ్ తీగే గుర్తొస్తుంది. 1905 ప్రాంతంలో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియం కలిపి తయారుచేసిన లోహమిది. ఎర్రగా కాలినా తొందరగా పాడవదు. టోస్టర్లూ హెయిర్ డ్రయర్లూ ఇంటింటికీ వచ్చాయంటే చాలావరకు దీని చలవే. వేడెక్కినా దీని నిరోధం పెద్దగా మారదు కాబట్టి ఎన్ని వాట్లు అనుకుంటే అన్నే వస్తాయి. టోస్టర్‌కు వరమైన ఈ గుణమే ఇక్కడ శాపం. నిరోధం మారని తీగ తన వేడి ఎంతో తాను చెప్పలేదు.

ప్లాటినం చెబుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు ఉండేలా చేసిన ప్లాటినం తీగ, నీళ్లు మరిగే వేడిలో 138.5 ఓమ్‌లు చూపిస్తుంది, 350 డిగ్రీల దగ్గర దాదాపు 230. దీంతో వేడిని కొలవొచ్చని 1871లో విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు. 1880ల్లో హ్యూ కాలెండర్ దాన్ని నమ్మదగ్గ థర్మామీటర్‌గా తీర్చిదిద్దాడు. ఐకాస్ బ్లేడు మీది ప్లాటినం గీత ఆ కొలత పనీ చేస్తుంది, వేడెక్కించే పనీ చేస్తుంది. దమ్ము లాగగానే చల్లగాలి దూసుకొస్తుంది. ప్రయోగశాలల్లో కెనడా పద్ధతి పాటించే యంత్రాలు 30 సెకన్లకోసారి 55 మిల్లీలీటర్లు లాగుతాయి. ఆ గాలికి బ్లేడు చల్లబడుతుంది, నిరోధం పడిపోతుంది, లోపలి చిప్ అది గమనించి కరెంటు పెంచుతుంది. గాలి ఆగగానే తగ్గిస్తుంది. విడిగా ఒక సెన్సర్ పెట్టి ఉంటే అది ఎక్కడో పక్కన కూర్చుని, బ్లేడు సంగతి కాస్త ఆలస్యంగా చెప్పేది. ఆ కాస్త ఆలస్యానికే ఆకు మాడుతుంది. హీటరే థర్మామీటర్ కావడం ఈ రంగంలో అన్నిటికన్నా ముచ్చటైన ఉపాయం. కాస్త మెరుగైన పని కోసం పుట్టి ఉంటే ఇంకా ముచ్చటగా ఉండేది.

ఈ తిప్పలు ఐకాస్‌తో మొదలైనవి కావు. 1988లో ఆర్. జె. రెనాల్డ్స్ కంపెనీ తెచ్చిన ప్రీమియర్ సిగరెట్టు కొసన బొగ్గు ముక్క పెట్టి పొగాకును వెచ్చబెట్టింది. రుచి ఎవరికీ నచ్చక ఏడాది తిరక్కుండానే అంగళ్ల నుంచి వెళ్లిపోయింది. ఫిలిప్ మోరిసే 1998లో అకార్డ్ పేరుతో కరెంటు పరికరం తెచ్చింది. అదీ నిలబడలేదు.

పొగాకు వేడిని సరిగా మోయదు, దాని నిండా గాలి సందులే. అందుకే నడిమధ్యన గుచ్చిన బ్లేడుకు ఆనుకున్న ఆకు కమిలిపోతుంటే, కాగితం పక్కనున్న ఆకు అంతగా వేడెక్కదు. బ్రిటిష్ అమెరికన్ టొబాకో దీన్ని తిరగేసింది. 2016లో సెందాయ్‌లో విడుదలైన వాళ్ల గ్లో, స్టిక్కు చుట్టూ గొట్టంలా కూర్చుని బయటి నుంచి 240 డిగ్రీల దగ్గర వేడెక్కిస్తుంది. గుచ్చేది లేదు కాబట్టి విరిగేదీ లేదు. కానీ ఆ వేడి చేతికి తగలకుండా చుట్టూ అడ్డుకట్ట కట్టుకోవాలి. కొరియా కంపెనీ కేటీ అండ్ జీ 2017లో లిల్‌తో వచ్చి బ్లేడు బదులు గుండ్రటి పిన్ను పెట్టింది. పెళుసు బ్లేడు కన్నా గుండ్రటి పిన్ను మెలికకు బాగా తట్టుకుంటుంది. స్టిక్కును తిప్పి బయటికి లాగే అలవాటున్నవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

బ్లేడుకు అంటుకునే జిగురు మడ్డి ఇంకో తలనొప్పి. స్టిక్కు మారినా పాత మడ్డి మళ్లీ కాగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు 2018లో ఐకాస్‌ను పరీక్షించి, శుభ్రం చేయకుండా వాడితే ఆకు మాడడం పెరుగుతోందని రాశారు. స్టిక్కులోని ప్లాస్టిక్ పొర 90 డిగ్రీల దగ్గరే కరిగి విష పదార్థాన్ని వదులుతున్న సంగతీ అందులోనే ఉంది. అంతకు ముందు ఏడాది స్విట్జర్లాండ్ పరిశోధకులు ఈ ఆవిరిలో కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచి చూపించారు. కాల్చలేదు కాబట్టి పొగ కాదు అనే ప్రచారానికి ఇవి గట్టి జవాబులే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జులైలో, పూర్తిగా ఐకాస్‌కే మారితే హానికర రసాయనాలు ఒంట్లో చేరడం తగ్గుతుందని ఫిలిప్ మోరిస్‌ను చెప్పుకోనిచ్చింది. జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకోనివ్వలేదు. మన దేశంలోనైతే 2019 చట్టం ఈ పరికరాలను కూడా ఈ-సిగరెట్ల లెక్కలోనే వేసి నిషేధించింది. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు పర్యవేక్షించే వేలాలు మాత్రం ఏటా జరుగుతూనే ఉన్నాయి.

2021లో జపాన్‌లో విడుదలైన ఐకాస్ ఇల్యూమాలో బ్లేడే లేదు. హీటర్ స్టిక్కులోకి వెళ్లిపోయింది. పొగాకు మధ్యలో ఒక సన్నటి లోహపు రేకు, పరికరంలో దాని చుట్టూ ఒక కాయిల్. కాయిల్ పుట్టించే అయస్కాంత క్షేత్రం వేగంగా అటూఇటూ మారుతుంటే రేకులో సుడి ప్రవాహాలు పుట్టి, రేకే వేడెక్కుతుంది. ఇండక్షన్ స్టవ్ మీది గిన్నె సూత్రమే ఇది. మడ్డి రేకుతోపాటే చెత్తబుట్టలోకి పోతుంది, బ్రష్షుతో పని లేదు.

మరి తీగ కలపని రేకు వేడి ఎంతో తెలిసేదెలా? ఈ రంగంలో ఫిలిప్ మోరిస్ పేటెంట్లు క్యూరీ బిందువును ఆశ్రయించాయి. ఇనుము, నికెల్ లాంటివి ఒక వేడి దాటగానే అయస్కాంత గుణం పోగొట్టుకుంటాయి. నికెల్‌కు అది దాదాపు 355 డిగ్రీల దగ్గర జరుగుతుంది, అంటే సరిగ్గా కావలసిన చోటే. రేకుకు నికెల్ పొర జోడిస్తే ఆ మార్పు దూరాన ఉన్న కాయిల్‌కు కూడా తెలుస్తుంది. చిప్ దాన్ని గుర్తుగా పెట్టుకుని లెక్క సరిచూసుకుంటుంది. చాలా రైస్ కుక్కర్లలో అన్నం ఉడకగానే మీట టక్కున పైకి ఎగరడం వెనక ఉన్నదీ ఇదే. నీళ్లు ఇగిరి అడుగు 100 డిగ్రీలు దాటగానే అక్కడి అయస్కాంతం పట్టు వదిలేస్తుంది.

డిజైన్‌గా చూస్తే ఇది బ్లేడు కన్నా ఒక మెట్టు పైనే. దాని ఖరీదు మాత్రం చెత్తలో కనిపిస్తుంది. బ్లేడున్న రోజుల్లో ఒకే హీటర్ నెలల తరబడి పనిచేసేది. ఇప్పుడు ప్రతి స్టిక్కుకూ ఒక హీటర్ పుట్టి, 6 నిమిషాలు బతికి, చెత్తలోకి పోతోంది. ఈ స్టిక్కుల ప్యాకెట్ మీద లోపల పదునైన లోహపు ముక్క ఉందని, మింగితే తీవ్రంగా గాయపడొచ్చని, పిల్లలకు అందనివ్వొద్దని హెచ్చరిక కూడా అచ్చువేస్తున్నారు.