ప్రవాహం – దర్పణం: స్టిల్లర్ మూకీచిత్రంలో నాయకుని పరీక్ష

యొహన్నెస్ లిన్నన్‌కోస్కి 1905లో వెలువరించిన ఫిన్నిష్ నవల ఆధారంగా మౌరిట్స్ స్టిల్లర్ 1919లో స్వీడన్‌లో రూపొందించిన మూకీచిత్రం ‘ఎర్రపువ్వు పాట’. హెల్సింకిలో జన్మించి స్వీడిష్ చిత్రరంగంలో స్థిరపడిన దర్శకుడాయన. ఈ చిత్రం ప్రస్తావనకు రాగానే నదీవేగంలో దుంగపై నిలిచి సాగే నాయకుడే స్ఫురిస్తాడు. అయితే చిత్రం నైతికకేంద్రం నదిలో లేదు, అద్దంలో ఉంది.

ధనిక రైతు కుమారుడైన ఓలోఫ్ ఇంటి పనిపిల్లను ప్రేమించి, తండ్రితో తగవుపడి ఇల్లు విడుస్తాడు. అడవిలో నరికిన దుంగలను ఏటిలో దిగువకు తేల్చుకుపోయే కూలీల జట్టులో చేరతాడు. ఈ వృత్తి కథకు కేవలం నేపథ్యం కాదు. కథానిర్మాణాన్ని నిర్ణయించినది అదే. దుంగ ఒకచోట నిలవదు, దాని వెంట నడిచే మనిషీ నిలవడు. ఒడ్డు పల్లెల్లోని స్త్రీలు మాత్రం అక్కడే ఉంటారు. ప్రేమ ఫలితాన్ని మోసేది నిలిచినవారే గాని సాగిపోయినవాడు కాదు.

అభిమానవతి అయిన క్యుల్లిక్కి ఎదుట తన యోగ్యతను చాటుకోవడానికి ఓలోఫ్ ఉరవడి నీటిలోకి దిగుతాడు. ఆలంకారికులు ప్రకృతిని ఉద్దీపన విభావంగా పరిగణించారు. ఇక్కడ నది ఆ హద్దు దాటి ప్రతినాయకస్థానానికి చేరువవుతుంది. ఉత్సాహం స్థాయిగా వీరం పోషింపబడుతుంది. ఒడ్డున సాక్షులున్నారు, మెప్పు లభిస్తుంది. కాని ధైర్యం ఉన్నదా అని అడిగే నది, బాధ్యత ఉన్నదా అని అడగదు. ఈ సాహసం తరువాత కూడా క్యుల్లిక్కి తండ్రి అతనిని నిరాకరిస్తాడు.

రెండవ పరీక్ష పట్టణంలో ఎదురవుతుంది. తాను ఒకప్పుడు విడిచివెళ్లిన యువతి వేశ్యాగృహంలో కనిపిస్తుంది. అద్దంలో ఓలోఫ్ తనను తాను చూసుకొంటాడు. ఇక్కడ జనసమూహం లేదు, మెప్పు లేదు. నదీదృశ్యంలో ఆంగికాభినయంతో ఆకట్టుకొన్న లార్స్ హాన్సన్ ఇక్కడ సాత్త్వికాన్ని ఆశ్రయిస్తాడు. గర్వం తొలగి వ్రీడ, గ్లాని, నిర్వేదం క్రమంగా ముఖాన తోస్తాయి. సంభాషణ వినిపించని మూకీచిత్రంలో అంతర్మథనానికి ఇంతకంటె సమర్థమైన సాధనం అరుదు.

ఆ యువతి ఆత్మహత్య చేసుకొంటుంది. ఓలోఫ్ మారి, చివరకు క్యుల్లిక్కిని పొందుతాడు. పాపం, పశ్చాత్తాపం, పునఃప్రాప్తి అనే క్రమం మెలోడ్రామాకు సంప్రదాయమే అని సమర్థించవచ్చు. ఆ సమర్థన ముగింపు ఎందుకట్లా ఉన్నదో చెబుతుంది గాని, అది న్యాయమా అన్న ప్రశ్నకు సమాధానం కాదు. నాయకుని పాఠానికి మూల్యం చెల్లించినది ఆమె. ఫలం దక్కినది అతనికి. అద్దం ముందు అతనిని దోషిగా నిలిపిన చిత్రమే, కథాంతంలో ఆమెను మరచి అతనికి క్షమను ప్రసాదించింది.

కథ ముగిసినా దృశ్యం ముగియకపోవడమే ఈ చిత్రం ప్రత్యేకత. నదిని గెలిచినవాడు అద్దాన్ని గెలిచినట్లు స్టిల్లర్ ఎక్కడా చూపలేదు. ముగింపులోని శుభాన్ని ప్రేక్షకుడు పూర్తిగా విశ్వసించలేకపోవడానికి కారణం అదే.