అద్దంలో రెండో ఆమె

రాబర్ట్ సియోడ్‌మాక్ 1946లో తీసిన ‘ద డార్క్ మిర్రర్’ మొదటిసారి చూసినప్పుడు నాకు పెద్దగా నచ్చలేదు. కవలల్లో ఒకరు మంచిది, ఒకరు హంతకురాలు. ఇలాంటివి ఎన్ని చూడలేదు అనుకున్నాను. పరిశోధన పని మీద మళ్ళీ చూస్తే, ఈసారి నా చూపు హంతకురాలి మీంచి డాక్టరు మీదకి మళ్ళింది.

కథలో ఒక డాక్టరు హత్యకు గురవుతాడు. అనుమానితురాలు ఆ సమయానికి వేరేచోట ఉందని సాక్షులు చెబుతారు. తీరా చూస్తే ఆమె ఒకరు కాదు, టెర్రీ, రూత్ అని ఇద్దరు. రెండు పాత్రలూ ఒలీవియా డి హావిలాండే వేసింది. చంపిందెవరో తేల్చలేక చట్టం ఇద్దర్నీ వదిలేస్తుంది. అప్పుడు కవలల మీద పరిశోధన చేసే స్కాట్ ఇలియట్ వస్తాడు. సిరా మరకలు చూపించి, యంత్రాలు పెట్టి, టెర్రీ మనసుకి జబ్బనీ, రూత్ ఆరోగ్యవంతురాలనీ తేలుస్తాడు. రూత్‌ని ప్రేమిస్తాడు కూడా. పరీక్షించేవాడూ వరించేవాడూ ఒకరే కావడం సినిమాకి ఏమాత్రం ఇబ్బందిగా అనిపించదు.

ఇంతకీ టెర్రీ ఎందుకు చంపింది? మగవాళ్ళు చివరికి రూత్‌నే ఎంచుకుంటూ వచ్చారు, చనిపోయిన డాక్టరుతో సహా. అక్కచెల్లెళ్ళ మధ్య అసూయ సహజమంటాడు ఇలియట్. ఆ అసూయ ఎవరి ఎంపిక చుట్టూ పెరిగిందని మాత్రం ఆలోచించడు.

టెర్రీని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. రాత్రిళ్ళు గదిలో వెలుగు మెరిపించి, నీకు మతి చలిస్తోందని రూత్‌ని నమ్మించే దృశ్యాలు ఇప్పటికీ భయపెడతాయి. కానీ ఆడదానికి పిచ్చి అని ముద్ర వేస్తే ఎంత తేలిగ్గా అతుక్కుంటుందో టెర్రీకి ఈ లోకమే నేర్పింది.

ఒలీవియా గురించి కూడా నేను మొదట విన్నది చెల్లెలు జోన్ ఫాంటేన్‌తో తగాదా గురించే. 1942లో ఇద్దరూ ఆస్కార్‌కి పోటీపడ్డారు, జోన్ గెలిచింది. వార్నర్ బ్రదర్స్ మీద ఒలీవియా కేసు వేసి, కాంట్రాక్టు పేరుతో ఏడేళ్ళకు మించి కట్టిపడేయడం కుదరదని 1944లో తీర్పు తెచ్చుకున్న సంగతి ఎంతో ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లో అక్క నెమ్మదస్తురాలు, నేను గయ్యాళిని. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పెట్టిన పేర్లవి. చాలా ఏళ్ళు అవే మా స్వభావాలనుకున్నాం. ఈమధ్య అక్కతో కలిసి ఈ సినిమా చూశాను. రూత్ చనిపోయిందని పోలీసులు చెప్పగానే, తనే రూత్‌నంటుంది టెర్రీ. అంతలో అద్దంలో రూత్ కనబడితే ఆ అద్దం పగలగొడుతుంది.

“పాపం, టెర్రీ” అంది అక్క.

నెమ్మదస్తురాలి నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. అంటే, ఇన్నేళ్ళూ నేను కూడా ఆమెని వాళ్ళ కళ్ళతోనే చూశానన్నమాట.