చుక్కల లెక్క

అమెరికాలోని వయోమింగ్ గడ్డిమైదానాల్లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు తిరుగుతుంటుంది. చెట్టూ పుట్టా లేని ఆ బయలులో అది 250 గజాల దూరంలో ఉందో, 400 గజాల్లో ఉందో వట్టి కంటికి తేలదు. తేలకపోతే చిక్కే. 200 గజాలకు సరిచేసుకున్న .270 విన్‌చెస్టర్ రైఫిల్ తూటా 300 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది, 400 దగ్గర అడుగున్నర పైగా. లేజర్ పరికరాలు రాకముందు ఈ చిక్కును తీర్చింది స్కోపు లోపలి గీతలే.

ఆ గీతల అల్లికను రెటికిల్ అంటారు. 1962లో ల్యూపోల్డ్ కంపెనీ తెచ్చిన డ్యూప్లెక్స్‌లో బయటివైపు గీతలు లావుగా, నడిమికి వచ్చేసరికి సన్నగా ఉంటాయి. చీకటి పొదల్లో లావు గీత కంటికి ఆనుతుంది, సన్నగీత గురిని కప్పేయదు. కేంద్రం నుంచి లావు గీత మొన దాకా ఉన్న జాగా ఎంత మేర కప్పుతుందో తెలిసిన వేటగాళ్లు దాన్నే కొలబద్దగా వాడుకున్నారు. 1970ల చివర్లో అమెరికా మెరైన్ల కోసం తయారైన మిల్-డాట్ ఇదే పనిని పద్ధతిలో పెట్టింది. ఇందులో సన్నగీత మీద చుక్కలు వరసగా ఉంటాయి. ఒక చుక్క నడిమి నుంచి పక్క చుక్క నడిమికి కోణం ఒక మిల్, అంటే రేడియన్‌లో వెయ్యో వంతు. వెయ్యి గజాల దగ్గర అది సరిగ్గా ఒక గజాన్ని కప్పుతుంది, వంద గజాల దగ్గర 3.6 అంగుళాలను.

ఇక కొలవాల్సింది జంతువును. ఏ భాగాన్ని? కాళ్లు గడ్డిలో మునిగి ఉంటాయి, మెడ ఎత్తుతుంది, దించుతుంది. ఒళ్లు కాస్త పక్కకు తిప్పితే పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది. ఎటు తిరిగినా పెద్దగా మారనిది వీపు నుంచి రొమ్ము అడుగు దాకా ఉన్న లోతు. ప్రాంగ్‌హార్న్‌కు అది సుమారు 15 అంగుళాలు, మ్యూల్ డీర్‌కు 18, ఎల్క్‌కు 24. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఎంపికే.

అంగుళాలను 27.78తో గుణించి మిల్స్‌తో భాగిస్తే దూరం గజాల్లో వస్తుంది. రైఫిల్‌ను రాయి మీదో సంచి మీదో ఆనించి, వీపు గీతను ఒక చుక్క నడిమికి తెచ్చి, రొమ్ము అడుగు ఎక్కడ తగిలిందో చూడాలి. ప్రాంగ్‌హార్న్ రొమ్ము లోతు 1.4 మిల్స్ అయితే 298 గజాలు. 1.3 అయితే 321. అదే 1.1 బదులు 1.0 అని చదివితే 379 కాస్తా 417 అవుతుంది. మిల్‌లో పదో వంతు తేడా దగ్గరలో 23 గజాలు, దూరంలో 38. దూరం పెరిగేకొద్దీ పొరపాటుకు చెల్లించే ధర కూడా పెరుగుతుందన్నమాట. మిల్‌లో పదో వంతు చదివే కన్ను సాధనతో గానీ రాదు.

జూమ్ స్కోపుల్లో ఇంకో మెలిక ఉంది. ముందరి కటకం బొమ్మను తలకిందులుగా వేస్తుంది. గొట్టం నడుమ ఉన్న కటకాల జత దాన్ని నిలబెడుతుంది, జూమ్ చేసేదీ అదే. రెటికిల్‌ను ఆ జతకు ముందు బిగిస్తే జంతువుతోపాటు గీతలూ పెరుగుతాయి, కాబట్టి కొలత ఎప్పుడూ చెల్లుతుంది. వెనక బిగిస్తే జంతువు పెరుగుతుంది గానీ గీతలు పెరగవు. అప్పుడు ఒక్క జూమ్ దగ్గరే, చాలా స్కోపుల్లో గరిష్ఠం దగ్గరే, లెక్క సరిపోతుంది. 9 రెట్ల దగ్గర ఒక మిల్ చూపే జాగా 4.5 దగ్గర రెండు మిల్స్ అవుతుంది. అయితే ముందు బిగించిన గీతలు తక్కువ జూమ్‌లో వెంట్రుకంత సన్నబడి పొదల్లో కలిసిపోతాయి. సాయంసంధ్య వేటకు వెనక బిగించినదే మేలనేవాళ్లు అందుకే ఉన్నారు, వాళ్లది తప్పనలేం.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఈ లెక్కకు మాత్రం తుపాకీయే ఉండాలని లేదు. నావికులు వాడే 7×50 బైనాక్యులర్లు కొన్నింటిలో ఇలాంటి కొలగీతలే ఉంటాయి. ఎత్తు తెలిసిన దీపస్తంభం కనిపిస్తే, ఓడ తీరానికి ఎంత దూరంలో ఉందో వాళ్లు ఇదే భాగహారంతో చెబుతారు.