పోలిక, నియమం: ఆంగ్ల పదమూలాల అన్వేషణ నుంచి తెలుగు నిరుక్తికి

వ్యాససంగ్రహం:
ఆంగ్ల పదాలను మూల ఇండో-యూరోపియన్ ధాతువులతో ముడిపెట్టే పద్ధతికి ఆధారం ధ్వనిసామ్యం కాదు, ధ్వనినియమం. తెలుగులో జనరంజకంగా సాగిన పదమూల చర్చ ఈ పద్ధతి ఫలితాలను స్వీకరించి, దాని క్రమశిక్షణను విడిచిపెట్టింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు బహుభాషా పరిసరం నుంచి ఉదాహరణలు తీసుకొని ఈ లోపాన్ని విమర్శించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: నిరుక్తి, జ్ఞాతిపదాలు, ఆదానం, ధ్వనినియమం, ద్రావిడ భాషాకుటుంబం.

1. సమస్య
1786లో విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు బహుశా ఇప్పుడు లేని ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రతిపాదించాడు. ఇందులో సంస్కృతానిది సోదరి స్థానమే కాని తల్లి స్థానం కాదు. తెలుగు పాఠకులకు ఈ విషయాన్ని పరిచయం చేసే రచనలలో చాలావరకు ఈ తేడా చెరిగిపోయింది; ఆంగ్లం సంస్కృతం నుంచి వచ్చిందనే మాటగా అది ప్రచారమైంది. ఈ వాదాన్ని అచ్చులే ఖండిస్తాయి. సంస్కృతంలో ‘దశ’, ‘అష్ట’ రెండింటి తొలి అచ్చూ అకారమే. గ్రీకులో మొదటిది ‘డెక’, రెండవది ‘ఒక్తో’. ఒకే అకారం ఒకచోట ఎకారంగా, మరొకచోట ఒకారంగా మారడానికి కారణం చూపలేము. మూలంలోని మూడు అచ్చులు సంస్కృతంలో ఒకటయ్యాయంటే మాత్రం చిక్కు విడిపోతుంది.

2. పోలిక చేసే మోసం
రాస్క్ గమనించిన, గ్రిమ్ 1822లో సూత్రీకరించిన నియమం ప్రకారం మూలభాషలోని పకారం ఆంగ్లంలో ‘ఫ’ అవుతుంది, దకారం ‘ట’ అవుతుంది. పాద–ఫుట్, దంత–టూత్, దశ–టెన్ ఇలా ఏర్పడిన జంటలు. వీటిలో పైకి కనిపించే పోలిక తక్కువ. అయినా బంధుత్వం స్థిరం. దీనికి భిన్నంగా ‘పథం’, ‘పాత్’ చెవికి ఒకటిగానే వినిపిస్తాయి. వారసత్వంగా వచ్చిన పదమైతే ఆంగ్లంలో అది ‘ఫ’తో మొదలుకావాలి. అందుకే దానిని ఇరానీ భాషల నుంచి వచ్చిన ఎరువుగా కొందరు ఊహించారు. ‘దివ’, ‘డే’ జంట కూడా నియమానికి నిలవదు. సంస్కృత దకారానికి ఆంగ్లంలో టకారం ఉండాలి. ‘దేవ’ శబ్దానికి జ్ఞాతి ‘ట్యూస్‌డే’ తొలిభాగంలో ఉన్న ప్రాచీన దేవత పేరు. అంటే అసలు చుట్టం ఆ పదం చివర కాక మొదట ఉంది.

3. సరిహద్దు చూపే సాక్ష్యం
ఇలాంటి నియమం పనిచేసే తీరు తెలుసుకోవడానికి జర్మనీ దాకా పోనక్కరలేదు. కర్ణాటక, తమిళనాడు రెండింటినీ ఆనుకొని ఉన్న కుప్పంలో తెలుగు ‘పాలు’, తమిళ ‘పాల్’, కన్నడ ‘హాలు’ ఒకే సంతలో వినిపించగల మాటలు. పులి–హులి, పల్లు–హల్లు, పంది–హంది, పేరు–హెసరు అన్నీ ఇదే దారి. పాత కన్నడంలో ఇక్కడ పకారమే ఉండేది. అయితే సంస్కృతం నుంచి తీసుకొన్న ‘పాద’, ‘పత్ర’ వంటివి కన్నడంలో నేటికీ పకారంతోనే ఉన్నాయి. ఆంగ్లంలో ‘ఫుట్’ వారసత్వం, లాటిన్ మూలం నుంచి వచ్చిన ‘పెడల్’ ఎరువు. ఈ తేడాకూ ఆ తేడాకూ తర్కం ఒక్కటే. జ్ఞాతిపదాన్ని ఆదానం నుంచి వేరుచేసేది నియమమే.

పుంగనూరు పొట్టి ఆవు పేరు మరొక పాఠం చెబుతుంది. ‘గోవు’ ఆంగ్ల ‘కౌ’కు నిజమైన జ్ఞాతి. ‘ఆవు’ మాత్రం ద్రావిడ పదం. తమిళ ‘ఆ’ దాని బంధువు. ఒకే పశువును తెలుగువారు రెండు భాషాకుటుంబాల మాటలతో పిలుస్తున్నారు. తత్సమాలను ముందుంచి తెలుగు, ఆంగ్లాలకు చుట్టరికం కలిపేవారు ఈ రెండవ మాటను లెక్కలోకి తీసుకోరు. అలాగే ‘పందికొక్కు’ ఆంగ్లంలో ‘బాండికూట్’ కావడం రాకపోకలకు గుర్తు; రక్తసంబంధానికి కాదు.

4. తెలుగు పరిశోధన: ఒక మూల్యాంకనం
1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించాడు. పదాలను కాక ధాతువులను పోల్చడం అతని బలం. మామిడి వెంకయ్య, పట్టాభిరామశాస్త్రి వంటి దేశీయ పండితుల కృషి దానికి ఆధారం. అయితే ఆ నిరూపణ సామ్యాన్ని చూపినంతగా నియమాన్ని చూపలేదు. గ్రిమ్ సూత్రం అప్పటికి వెలువడలేదు. 1856లో కాల్డ్వెల్ ఆ సామ్యాన్ని సమగ్ర తులనాత్మక వ్యాకరణంగా విస్తరించాడు.

చిలుకూరి నారాయణరావు ‘ఆంధ్రభాషా చరిత్రము’ (1937) సామగ్రి సంపదలో గొప్ప గ్రంథం. తెలుగు ప్రాకృతజన్యమనే దాని సిద్ధాంతం మాత్రం నిలవలేదు. విడివిడి రూపాలకు విడివిడిగా మూలాలు చూపవచ్చు. అన్నింటికీ వర్తించే ధ్వనిపరిణామం చూపనిదే వంశం రుజువు కాదు. ఆ పని భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి తెలుగు ధాతువుల అధ్యయనంలో కనిపిస్తుంది. ‘అవర్’, ‘ఇవర్’ అనే రూపాలు తెలుగులో ‘వారు’, ‘వీరు’ కావడం యాదృచ్ఛికం కాదని, అది వర్ణవ్యత్యయమనే క్రమబద్ధమైన మార్పని ఆయన కృషి స్పష్టం చేసింది.

5. ముగింపు
పోలికే రుజువైతే ఏ భాషనైనా ఏ భాషకైనా బిడ్డను చేయవచ్చు. అలాంటి వాదం తెలుగుకు గౌరవం తెచ్చినట్టు కనిపించినా, దాని సొంత కుటుంబాన్ని కనుమరుగు చేస్తుంది. ఆంగ్ల పదమూలాల అధ్యయనం నుంచి తెలుగు నిరుక్తి తీసుకోవలసింది దూరపు చుట్టరికాన్ని కాదు, పరీక్షించే పద్ధతిని. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన కుప్పం పరిసరాలలో ఆ పరీక్షకు కావలసిన సాక్ష్యం జనం నోట సజీవంగా ఉంది. ‘పాలు’, ‘హాలు’ మధ్య ఉన్న నియమాన్ని గుర్తించిన విద్యార్థికి ‘పాద’, ‘ఫుట్’ మధ్య ఉన్నది వింతగా తోచదు. ‘పథం’, ‘పాత్’ వంటి జంటలను చూసి తొందరపడడు.