అష్రఫీపై చార్మినార్

హైదరాబాదు సంస్థానపు బంగారు అష్రఫీని నేడు సేకరణదారులు తూకం లెక్కన, అరుదుతనం లెక్కన విలువ కడుతున్నారు. దానిపైనున్న చిత్రాన్ని చదివేవారు తక్కువ. సుమారు 11 గ్రాముల ఆ చిన్న నాణెం దక్కను చరిత్రను గురించి ఒక వాదన వినిపిస్తున్నది. ఆ వాదన ఎంతవరకు న్యాయమైనదో పరిశీలించవలసి ఉన్నది.

అష్రఫీ అనే మాట దక్కనులో పుట్టినది కాదు. ఈజిప్టును పాలించిన మమ్లూకు సుల్తాన్ అల్ అష్రఫ్ బర్స్‌బాయ్ 1425లో ముద్రింపజేసిన బంగారు నాణేనికి ఆయన బిరుదు మీదుగా ఆ పేరు వచ్చింది. అంతకు చాలా ముందే, హిజ్రీ 77లో (క్రీ.శ. 696-97), ఉమవీ ఖలీఫా అబ్దుల్ మలిక్ దీనారుపై మానవాకృతులను తొలగించి అక్షరాలను మాత్రమే ఉంచాడు. నాటినుండి ముస్లిం నాణేల సౌందర్యం ప్రధానంగా లిపిలోనే వికసించింది. జహంగీరు ముద్రింపజేసిన రాశిచిహ్నాల మొహరీలు మినహాయింపులు మాత్రమే.

ఈ నేపథ్యంలో చూస్తే, మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలాన హిజ్రీ 1321 (1903-04) నుండి అష్రఫీపై చార్మినార్ కనిపించడం విశేషమే. అప్పటి బ్రిటిష్ రూపాయిపై చక్రవర్తి ముఖం ఉండేది. గ్వాలియరు, బహావల్పూరు పాలకులు సైతం తమ రూపాలను నాణేలకెక్కించుకున్నారు. నిజాములు మాత్రం ముఖానికి బదులు కట్టడాన్ని ఎంచుకున్నారు. ఇది మెచ్చుకోదగినదే.

అయితే ఆ కట్టడం ఎవరిది? 1591లో, హిజ్రీ సహస్రాబ్ది వేళ, ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించినది. ఆ వంశపు రాజ్యం 1687లో ఔరంగజేబు ముట్టడికి కూలింది. ఆ ముట్టడిలో మొగలుల పక్షాన గాయపడి మరణించిన కిలిచ్ ఖాన్ మొదటి ఆసఫ్ జాకు స్వయానా తాతగారు. కోటను ముట్టడించినవారి వారసులే ఆ కోట ప్రభువుల జ్ఞాపికను తమ రాజముద్రగా చేసుకున్నారన్నమాట! దీనిని ఔదార్యమంటారు కొందరు. అది సగం నిజమే. మిగతా సగం నాణెపు నడిమి కమానులో ఉన్నది. అసలు చార్మినార్ కమానులు నాలుగు దిక్కులకూ తెరచి ఉంటాయి, ఎవరైనా ఆ దారిన పోవచ్చు. నాణెంపై ఆ ఖాళీ స్థలాన్ని మహబూబ్ పేరులోని 'మీమ్', ఆ తరువాత ఉస్మాన్ పేరులోని 'ఐన్' ఆక్రమించాయి. చిత్రకళగా అది ఎంతో ఒద్దికైన అమరిక. చరిత్రగా చూస్తే మాత్రం, బాటసారుల ద్వారం పాలకుని సంతకానికి చట్రమైపోయింది.

ఈ నాణేలపై కనిపించే 92 అంకె సంగతి వేరు. చూడగానే ఏ సంవత్సరమో అనుకోవచ్చు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. వెరసి దైవప్రవక్త ముహమ్మద్ (స) నామం. 1857 తిరుగుబాటు తరువాత హైదరాబాదు నాణెంపై మొగలు చక్రవర్తి పేరు తొలగి, ఆసఫ్ జా బిరుదుతోపాటు ఈ అంకె వచ్చి చేరింది. పలు చేతులు మారే వస్తువుపై పవిత్ర నామాన్ని నేరుగా వ్రాయక అంకెలో దాచడం ఈ నాణెపు రచనలో అత్యంత సున్నితమైన అంశమని నా అభిప్రాయం.

రెండవ వైపున 'జులూస్ మైమనత్ మానూస్', 'జర్బ్ ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అన్న పారశీక వాక్యాలుంటాయి. మొగలు పాదుషా పోయినా మొగలు టంకశాల భాష పోలేదు. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. సంస్థాన ప్రజల్లో అధిక సంఖ్యాకుల భాష తెలుగు అయినా, 1918 చట్టంతో వెలువడిన కాగితపు నోట్లపై మాత్రమే ఉర్దూ సరసన తెలుగు, మరాఠీ, కన్నడాలకు చోటు దొరికింది. నోటు బజారులో తిరిగేది, దానిని రైతూ వర్తకుడూ చదవాలి. అష్రఫీ దర్బారులో నజరానాగా సమర్పించేది, దానిని చదవవలసినది ప్రభువే.

ఆ నజరానాలలో అనేకం తరువాత పెళ్ళి నగలైనాయి. మెడలో వేసుకోవడానికి అంచున కొక్కెం అతికించిన నాణేలను నేడు కూడా చూడవచ్చు. అతుకు పడిన చోట వ్రాత చెదిరిపోయి ఉంటుంది.