పిల్లల కాళ్లకు పని చెప్పే టీచరమ్మ

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇళ్లలో మగ్గమే సగం గది. మూడేళ్ల బిడ్డ పరుగెత్తబోతే పోగులు తెగుతాయని తల్లికి భయం. ఆ కాళ్లకు చోటిచ్చేది అంగన్‌వాడీ.

1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ అంటే మనకు గుడ్డు, పాలు, బరువు తూచడమే గుర్తొస్తాయి. ఆడించడం కూడా ఒక విద్యేనని ఎవరూ అనరు. గచ్చు మీద సుద్దగీత గీసి దానిమీదే నడవమంటుంది టీచర్. ఒంటికి నిలకడ వస్తుంది. కప్పగంతులతో తొడలు గట్టిపడతాయి. బంతి పట్టడంతో కంటికీ చేతికీ పొత్తు కుదురుతుంది. మూలన నక్కిన పిల్లను మాత్రం ఆమె పిలవదు, వెళ్లి చేయి పట్టుకుని ఒప్పులకుప్ప తిప్పుతుంది. ఆ ఓర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలని, అందులో గంటసేపైనా ఒగర్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. హిందూపురం లాంటి ఊళ్లో ఇరుకు గదిలో నడిచే కేంద్రానికి అది సులువు కాదు. గడప దాటితే బండ్లు. పెనుకొండ కొండ కింద పల్లెల్లో వాకిలి ఉన్నా, వేసవిలో పొద్దెక్కితే నేల కాలుతుంది. అందుకే పొద్దున్నే ఆట, తర్వాతే పాఠం.

జీతం పెంచమని ఈ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. పంచాయతీ పెద్దలారా, మున్సిపల్ కౌన్సిలర్లారా, వాళ్ల జీతం మీ చేతిలో లేకపోయినా, మీ వార్డులోని కేంద్రానికి నీడున్న కాస్త జాగా, నాలుగు బంతులు ఇప్పించండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.