చెడిన భాగము చెప్పు సాక్ష్యము

వైద్యశాలలో యంత్రమొకటి ఆగిపోయినప్పుడు, దానిని నమ్ముకొని మంచముమీద ఒక ప్రాణి పడియుండుటచేతను, డాక్టరును నర్సులును తొందరపడుచుండుటచేతను, మరమ్మతునకు వచ్చినవాని దృష్టి అంతయు అది మరల ఎప్పుడు నడచునా యను దానిమీదనే నిలుచుట సహజము. చెడిన భాగమును ఊడదీయుదురు, క్రొత్తది బిగింతురు, సర్వీసు రిపోర్టుమీద సంతకము పెట్టింతురు. ఊడదీసినది చెత్తబుట్ట పాలగును. ఆ త్వరను నేను నిందింపను. కాని రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతముల ఆసుపత్రులలో బహుకాలముగా ఈ వృత్తినే నమ్ముకొని బ్రతుకుచున్న నాకు దృఢమైన విశ్వాసమొకటి ఏర్పడినది: ఏల చెడినదో తెలిసికొనక బాగుచేసిన యంత్రమునకు, మరల చెడుటకు మనము గడువు మాత్రమే ఇచ్చితిమి.

గుడియాత్తమున ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి కలదు. పలమనేరు, వి.కోట వైపు తెలుగు కుటుంబములు కాన్పులకు అచ్చటికి వచ్చుచుందురు. అందు పరికరములను ఆవిరితో శుద్ధిచేయు ఆటోక్లేవు హీటరు పదేపదే కాలిపోవుచుండెను. కాలినప్పుడెల్ల క్రొత్తది వేయుటయు, నాసిరకపు సరకని అమ్మినవానిని తిట్టుకొనుటయు ఆనవాయితీ యయ్యెను. ఒకమారు కాలిన హీటరును పారవేయనీయక కిటికీ వెలుతురున పట్టి చూచితిని. దాని చుట్టును గోటితో గీకినను రాలనంత గట్టిగా తెల్లని సున్నపు పెచ్చు పేరుకొనియున్నది. ఒకచోట ఆ పెచ్చు పగిలి, క్రింది గొట్టము నల్లబడి చీలియున్నది. నీటిలోనికి పోవలసిన వేడి ఆ పెచ్చు అడ్డుపడుటచే లోపలనే నిలిచి, తీగను కాల్చివేసినది. అయినను ఆటోక్లేవులో పోయవలసినది డిస్టిల్డ్ వాటరు గదా, అందులో సున్నమెక్కడిదని అచ్చటి పెద్ద నర్సమ్మను అడుగగా ఆమె దాపరికము లేక చెప్పినది: “క్యాన్లు నెలాఖరుకు ముందే అయిపోతాయి సార్. కాన్పులు ఆపేదానికి లేదు కదా, బోరు నీళ్ళే పోస్తాము.”

మా ప్రాంతపు బోరు నీరు ఎట్టిదో, బిందె అడుగున పట్టిన తెలుపును తోముకొను ప్రతి ఇల్లాలికిని తెలియును. విచారణ అచ్చట ఆగలేదు. క్యాన్లు ముందే ఏల అయిపోవుచున్నవని స్టోరు పుస్తకము తిరగవేయగా, కాన్పులు తక్కువగా నుండిన దినములలో నిర్ణయించిన లెక్కనే గుమాస్తా నెలనెలా ఇండెంటులో వ్రాయుచున్నట్లు కనబడినది. కాన్పులు పెరిగినవి, క్యాన్లు పెరుగలేదు. ఇండెంటు మార్చితిమి, చివరి రెండు క్యాన్లు మిగిలినప్పుడే స్టోరునకు కబురు పోవునట్లు ఏర్పాటు చేసితిమి. హీటరు కాలుట నిలిచిపోయినది. స్పానరు పట్టుకొని వెళ్ళినవానికి దోషము ఇండెంటు పుస్తకమున దొరకుట చిత్రమే గాని, ఈ పనిలో ఇట్లు జరుగుట అరుదు కాదు. ఆనాడు ఆ నర్సమ్మను ఎవరైనను గద్దించియుండిన, ఆమె మరునాటినుండి నోరు విప్పకుండెడిది. కారణము మరల చీకటిలో పడియుండెడిది. విచారణకు మొదటి పరికరము సత్యము చెప్పినవారికి అభయము.

ఇట్లు మూలకారణమును వెదకు విద్యకు మా వేలూరిలోనే ఒక పూర్వాచార్యుడు కలడు. ఆయన పరీక్షించినది యంత్రములను గాదు, మనుష్యుల చేతులను, పాదములను. ఇడా స్కడర్ స్థాపించిన క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వ్రేళ్ళు ఆ రోగముచేతనే కుళ్ళి రాలిపోవునని లోకము నమ్ముచుండిన కాలమున, ఆ మాటను ప్రమాణముగా గ్రహింపక, ఒక్కొక్క గాయము ఎప్పుడు, ఎచ్చట, ఏ పని చేయుచుండగా కలిగినదో విచారింప నారంభించెను. రాత్రి నిద్రించునప్పుడు సరిగానున్న వ్రేలు తెల్లవారునప్పటికి కొంత లేకపోవుట ఎట్లని కాపలా పెట్టి చూడగా, స్పర్శ లేని ఆ వ్రేళ్ళను ఎలుకలు కొరుకుచున్నవని తేలినది. రోగులకు పిల్లులను ఇచ్చుటయే దానికి చికిత్స యయ్యెను. నడకలో ఒకేచోట మరల మరల పడు ఒత్తిడియే అరికాలి పుండునకు మూలమని తెలిసిన పిమ్మట, మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు వచ్చినవి. కాట్పాడికి సమీపమున కరిగిరిలో 1955లో వెలసిన కుష్ఠు పరిశోధనాలయమున ఈ మార్గమే కొనసాగినది. ‘రోగలక్షణమే’ యని ఊరకుండుటకును, ‘పాత యంత్రము, అంతే’ యని చేయి దులుపుకొనుటకును నాకు భేదము కనబడదు.

ముందుగానే తనిఖీలు చేయించుచున్నాము, అది చాలదా యని కొందరు అడుగుదురు. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున బ్రిటిష్ వైమానిక దళపు కోస్టల్ కమాండులో వాడింగ్టన్ అను జీవశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును లెక్కలు తీసి, విమానము 50 గంటలు ఎగిరినపిమ్మట చేయు తనిఖీ ముగిసిన వెంటనే లోపములు తగ్గుటకు మారుగా హెచ్చుచున్నవనియు, గంటలు గడచుకొలది తగ్గుచున్నవనియు కనుగొనిరి. బాగుగానున్న దానిని ఊరక విప్పి బిగించుటలో క్రొత్త దోషములు ప్రవేశించుచున్నవన్నమాట. కావున ఏమి తనిఖీ చేయవలెనో కంపెనీ పుస్తకము మాత్రమే చెప్పజాలదు. మన ఆసుపత్రిలో, మన నీటితో, మన కరెంటుతో ఏవి ఎట్లు చెడినవో ఆ చరిత్ర చెప్పవలెను. ఆ దోషములలో దేనిని ముందు చూడవలెనో తేల్చుటకు, 1949లో అమెరికా సైన్యము రూపొందించిన ఒక పద్ధతి నేడు ఆసుపత్రులలోను వాడుకలో నున్నది. ప్రతి దోషమును గూర్చి మూడు ప్రశ్నలు: ఎంత కీడు చేయును? ఎంత తరచుగా వచ్చును? కీడు జరుగకముందే మనకు తెలియునా? ఈసీజీ యంత్రము ఆగిన అందరికిని తెలియును. సిరంజి పంపు చప్పుడు చేయక మందును ఎక్కువగా పంపుచున్న ఎవరికిని తెలియదు. మొదటిదానికి వచ్చు ఫిర్యాదులు పది, రెండవదానికి సున్న. అయినను మన శ్రద్ధ ముందు పోవలసినది రెండవదానిమీదికే.

2015లో జాతీయ ఆరోగ్య మిషన్ క్రింద వైద్యపరికరముల నిర్వహణ కార్యక్రమము ఆరంభమైనది. దానికై దేశమంతట 29,115 ఆరోగ్య సంస్థలలోని 7,56,750 పరికరములను లెక్కింపగా, రాష్ట్రమునుబట్టి నూటికి 13 మొదలు 34 వరకు పనిచేయకయున్నట్లు తేలినది. జిల్లా ఆసుపత్రులలో నూటికి 95, సామాజిక ఆరోగ్య కేంద్రములలో 90, ప్రాథమిక కేంద్రములలో 80 పాళ్ళ కాలము పరికరములు నడచుచుండవలెనని ఆ కార్యక్రమము నియమము పెట్టినది. ఇది మేలైన నియమము. అయితే ఎంతకాలము నడచినదో చెప్పు లెక్క, ఏల ఆగినదో చెప్పదు; హీటరు మార్చిన గంటలోనే ఆ ఆటోక్లేవు కూడ లెక్కలలో నిర్దోషియే.

వేలూరి కళాశాల, మద్రాసు ఐఐటీ, తిరువనంతపురపు శ్రీ చిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగులో పట్టము నిచ్చుచున్న ప్రాంతము మాది. విద్యకు లోటు లేదు. పది మంచముల నర్సింగు హోము కూడ చేయగల పని ఇది: చెడిన భాగమును తేదీ వేసి కవరులో నుంచుట, బ్రేక్‌డౌన్ రిజిస్టరులో ‘ఏమి మార్చితిమి’ అను గడి ప్రక్కనే ‘ఏల చెడినది’ అను గడి గీయుట, నెలకొకమారు నర్సు, టెక్నీషియను, స్టోరు గుమాస్తా ఒకచోట కూర్చుండి ఆ గడిని చదువుట. యాజమాన్యము దీనికి ఇయ్యవలసినది ఒక అరగంట, ఒక అభయము. ఆ గడి ఖాళీగానున్న రిపోర్టుమీద సంతకము పెట్టకుడని డాక్టరులను నేను చేతులు జోడించి ప్రార్థించుచున్నాను.